మా అత్త అడిగిన నకలు

మా అత్త పోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను నందికొట్కూరులో మా బడి ఆవరణలో, ప్రార్థనకు వరుస కట్టిన పిల్లల వెనక నిలబడి ఉన్నాను. బేతంచెర్లలో అత్తతో పాటు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఆమె చేసింది. "మీ అత్త టీ కాసుకుంటానని లేసి, అట్లే గోడకు ఒరిగినాదమ్మా. పిలిస్తే పలకలా. నువ్వు బిరీన రా" అంది. నేను సరేనన్నాను. ప్రార్థన అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. పిల్లలు తరగతుల్లోకి పోయాక కూడా కాసేపు అలాగే ఉన్నాను. ఎందుకో నాకిప్పటికీ తెలియదు. బహుశా, కదిలితే నిజమైపోతుందనుకున్నానేమో.

మా అత్త అంటే మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. పక్క మండలానికి కోడలిగా పోయి, మూడేళ్ల ఆడబిడ్డను అక్కడ వదిలి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. 'వదిలి' అని మా ఊళ్లో అందరూ అన్నారు కాబట్టి నేనూ అలాగే రాశాను. బిడ్డను ఆమె వదిలిందా, ఆమె చేతుల్లోంచి తీసుకున్నారా అన్నది తేల్చుకోవడానికే ఆమె చివరి రెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది. చదువుకున్న మేనకోడలినని నన్ను వెంటేసుకుని తిరిగింది. ఆ తిరుగుడు గురించే మీకు చెప్పాలని కూర్చున్నాను. ఆమె గురించి చెప్పడానికి పెద్ద పెద్ద సంగతులేమీ లేవు. సన్మానాలు జరగలేదు, పేపర్లో ఫొటో పడలేదు. ఇరవై ఏళ్లకు పైగా తడి బండల మధ్య నిలబడి పనిచేసింది, దగ్గు తెచ్చుకుంది, అంతే.

ఆమెకో అలవాటుండేది. ఎవరింటికి పోయినా మనుషుల ముఖం కన్నా ముందు నేల చూసేది. చెప్పులు విడిచి, అరికాలితో గచ్చు మీద రెండుసార్లు రుద్ది, "ఇది మా బండే" అనేది. లేదా మూతి విరిచి, "ఇది యాడిదో, జారుతాది" అనేది. పెళ్లిచూపులకు నన్ను చూడటానికి వచ్చినవాళ్ల ఇంటికి తర్వాత మేం పోయినప్పుడూ అదే పని. పిల్లవాడెలా ఉన్నాడత్తా అని అడిగితే, "పిల్లోడి సంగతి నాకు తెలీదు, వాళ్ల వసారాలో పరిచింది మాత్రం మొదటి రకం" అంది. ఆ సంబంధమే కుదిరింది. మా ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తి నన్ను ఉడికిస్తుంటాడు.

"బండకు నీళ్లు పోస్తేగాని రంగు తెలీదు" అన్నది ఆమె మాట. గనిలోంచి వచ్చిన రాయి పొడిగా ఉన్నప్పుడు అన్నీ ఒకే బూడిదరంగు. నీళ్లు చల్లితే అప్పుడు పచ్చదో, నల్లదో బయటపడుతుంది. మనుషుల గురించీ ఆమె ఇదే అనేది. అనేదే కానీ, మనుషుల మీద నీళ్లు చల్లి చూసే తెలివి ఆమెకెప్పుడూ లేదు. అందరినీ పొడిగానే నమ్మింది.

మళ్లీ పెళ్లి చేయాలని నాన్న, అవ్వ చాలా పోరారు. సంబంధాలు కూడా వచ్చాయి. "ఒక తూరి చూసినాం గదా ఆ సినిమా, మళ్లీ టిక్కెట్టు ఎందుకన్నా?" అని నవ్వేసేది. పోరు పడలేక బేతంచెర్ల పోయి, ఒక గది బాడుగకు తీసుకుని, పాలిష్ ఫ్యాక్టరీలో చేరింది. పండగకో, నేను కాన్పుకు వచ్చినప్పుడో ఊరికొచ్చేది. వచ్చినప్పుడల్లా మా పిల్లలకు నీళ్లు పోసేది. వాళ్ల తలలు తుడిచేటప్పుడు మాత్రం ఏమీ మాట్లాడేది కాదు.

ఆమె కూతురు ఎర్రగుంట్లలో ఉంటుంది. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ పిల్లకు కొడుకు పుట్టాడని అత్తకు ఎవరో చెప్పారు. అత్త తన పాత చీరలన్నీ కలిపి ఒక బొంత కుట్టింది. దాన్ని సంచిలో పెట్టుకుని, నన్ను తోడు రమ్మని, ఎర్రగుంట్ల బయల్దేరింది. విడాకులై కోర్టు మెట్లు దిగిన తర్వాత ఆమె తన కూతురి ముఖం మళ్లీ చూడనేలేదు. అంతకు ముందు మూడు నాలుగుసార్లు భర్త ఊరికి పోతే, ఆ ఇంటివాళ్లు వాకిట్లోంచే పంపేశారు.

ఆ పిల్ల తలుపు తీసింది. అచ్చం మా అత్తే. ఆ నుదురు, ఆ నిలబడే తీరు. ఆ పిల్ల లోపలికి రమ్మనలేదు. చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది, మేం తాగేదాకా ఆగింది, తర్వాత అడిగింది.

"కోర్టులో నన్ను వద్దని రాసిచ్చినావంట గదా. ఇప్పుడు ఎందుకొచ్చినావు?"

"నేను రాసియ్యలా తల్లీ" అంది అత్త. "నిన్ను నాకే ఇయ్యమని జడ్జి ముందర నిలబడి చెప్పినా."

"మా నాయన కాగితం చూసినానన్నాడు. నీ కాడ ఉంటే నువ్వూ చూపించు. చూసినాక మాట్లాడుదాం."

ఆ పిల్ల గట్టిగా కూడా అనలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఒకటే మాట విని పెరిగిన మనిషి, దానికి రుజువు అడిగింది. నేను ఆమె స్థానంలో ఉన్నా అదే అడిగేదాన్ని. బొంత సంచిలోనే ఉండిపోయింది. బస్టాండు దాకా వచ్చాక అత్త అంది, "కాగితం అడిగినాది గదా మ్మే! అంటే చూస్తాదన్నమాట." ఆ మాటలో ఎంత సంతోషం ఉందో చెప్పలేను. కాగితమే కదా, ఎంతసేపు అనుకున్నాను నేను కూడా. చదువుకున్నదాన్ని కదా మరి!

కాగితం ఒకప్పుడు ఉండేది. విడాకుల తీర్పు నకలు, కోర్టు ముద్రతో వచ్చింది, మా ఇంట్లోనే ఉండేది. దాన్ని మా అవ్వ కేసీ కాలువలో వేసింది. మా వైపు తెగిపోయిన పెళ్లి తాలూకు వస్తువులు ఇంట్లో ఉంచరు. పెళ్లి చీర, మెట్టెలు, ఆ ఇంటివాళ్లు పెట్టిన రవికె గుడ్డలు మూటగట్టి పారే నీళ్లలో విడిచిపెడితే పీడ పోతుందంటారు. అవ్వ ఆ మూట కట్టేటప్పుడు, అల్లుడి పేరున్న ఆ కాగితం కూడా పెళ్లి తాలూకుదే అనుకుని అందులోనే పెట్టింది. అక్షరం రాని మనిషి ఇంట్లో నిప్పు తీసేస్తున్నాననుకుంది. ఆ విషయం తెలిసి నేను నెత్తి కొట్టుకుంటే అత్త మాత్రం అవ్వను ఒక్క మాట అననివ్వలేదు. "మా యమ్మ నా మంచికే ఏసింది. నీళ్లలో కలిసింది ఆ ఒక్క కాగితమే గదా, కోర్టులో ఇంగొకటి ఉంటాది" అంది.

మీలో ఎవరికైనా పాతికేళ్ల నాటి కుటుంబ కేసు కాగితం కోసం తిరగవలసి వస్తే, మొదట మిమ్మల్ని అడిగేది కేసు నంబరు, సంవత్సరం. అవి తెలిస్తే కాగితమెందుకు పోతుంది అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అత్తను సంవత్సరం అడిగితే, "మన చేన్లో బుడ్డలు పండని ఏడు" అంది. మన చేన్లో వేరుశనగ ఏ ఏడు పండిందత్తా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

విడాకుల కేసు నడిచిన కోర్టు ఒకటి. కుటుంబ కోర్టు అని వేరేగా వచ్చాక అక్కడికి పోయిన కేసులు కొన్ని, పోనివి కొన్ని. తర్వాత జిల్లా రెండుగా చీలింది. మేం కొత్త కోర్టుకు పోతే, ఇంత పాతవి మా దగ్గరికి రాలేదమ్మా, పాత కోర్టులో అడగండి అన్నారు. పాత కోర్టులో, పాతవన్నీ కట్టలు కట్టి పంపేశాం, అక్కడే అడగండి అన్నారు. ఎవరూ విసుక్కోలేదు. విసుక్కుంటే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆ రెండు కోర్టుల మధ్య నాలుగు నెలలు తిరిగాం. నాకు బడిలో సెలవులు అయిపోయాయి. అత్త పనికి పోని రోజులు పెరిగాయి. ఒకరోజు నేను ఆమె మీద అరిచాను కూడా. "ఆ పిల్ల నిన్ను అమ్మా అని ఒక్కసారి పిలవలేదు, దానికోసం ఇంత అవసరమా?" అన్నాను. ఆమె తలదించుకుని అరికాలితో కోర్టు వరండా రాయిని రుద్దుతూ, "ఈ బండలు కూడా మావే మ్మే" అంది.

చివరికి దారి చూపింది పాత కోర్టు దగ్గర కూర్చునే గుమాస్తా సాయిబు. అత్త తరఫు వకీలు చనిపోయి ఏళ్లయింది, ఆయన దగ్గర రాసిన గుమాస్తా మాత్రం ఇంకా అదే వరండా చివర, అదే చెక్క బల్ల ముందు అర్జీలు రాస్తున్నాడు. ఆయనకు అత్త గుర్తులేదు. లేదనే చెప్పాడు. గుర్తుందని అబద్ధం చెప్పనందుకే నాకాయన మీద నమ్మకం కుదిరింది. వెతకడానికి వేరే అర్జీ పెట్టించాడు. రికార్డు రూములో ఆయన పాత పరిచయం వల్ల రిజిస్టర్లు బయటికొచ్చాయి. నాలుగు సంవత్సరాల రిజిస్టర్లలో అత్త పేరు మీద వేసిన కేసు ఏదీ లేదు.

"అమ్మా, కేసు నీ భర్త వేసినాడేమో?" అని అడిగాడు సాయిబు.

"ల్యా. ఏసింది నేనే. నా బిడ్డ కోసరం ఏసినా. మా నాయన ఎద్దుల జత అమ్మి వకీలును పెట్టినాడు."

"వకీలును ఇద్దరూ పెడతారు తల్లీ" అన్నాడు ఆయన మెల్లగా. "వేసేది ఒకరు, జవాబు చెప్పేది ఒకరు."

ఆమె భర్త పేరుతో వెతికితే పావుగంటలో దొరికింది. విడాకులు కావాలని కేసు వేసింది అతను. అత్త ప్రతివాది. ఇన్నేళ్లూ ఆమె, నేను నా బిడ్డ కోసం కోర్టుకెక్కినా అనే చెప్పుకుంటూ వచ్చింది. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది. కానీ ఆమె కాసేపటికే తేరుకుంది. "ఎవురు ఏస్తే ఏమి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు గదా. నేను చూస్తాండగానే ఆ జడ్జి పక్కనున్నాయప్ప టకటకా టైపు కొట్టినాడు" అంది.

నకలుకు అర్జీ పెట్టాం. అక్కడో పద్ధతి ఉంది. అర్జీ పెట్టగానే నకలు ఇవ్వరు. ఫైలు దొరికి, ఎన్ని పేజీలో చూసుకున్నాక, ఇన్ని స్టాంపులు తెచ్చివ్వమని నోటీసు బోర్డు మీద జాబితా అంటిస్తారు. చెప్పిన రోజుల్లో తెచ్చివ్వకపోతే అర్జీ కొట్టేస్తారు. ఫోన్ చేసి చెప్పేదేమీ ఉండదు, మనమే పోయి బోర్డు చూసుకోవాలి. మా నంబరు బోర్డు మీదికి వచ్చిన వారంలోనే అత్త దగ్గు ముదిరి కర్నూలు పెద్దాసుపత్రిలో పడుకుంది. గుమాస్తా సాయిబు కూడా మనవరాలి పెళ్లికని ఊళ్లో లేడు. మేం పోయేసరికి జాబితా చించేసిన చోట జిగురు మరక మాత్రం ఉంది. మళ్లీ అర్జీ, మళ్లీ బోర్డు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె పని మానేసింది. మానేసిందనడం కూడా తప్పే. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఫ్యాక్టరీవాళ్లే వద్దన్నారు. ఆమె మాత్రం, "మంచిదే, బోర్డు చూసేకి తీరిక దొరికినాది" అంది.

నకలు చేతికొచ్చిన రోజు మేమిద్దరం, సాయిబు వరండాలోని చెక్క బెంచీ మీద కూర్చున్నాం. అత్త మధ్యలో. కాగితం ఇంగ్లీషులో ఉంది. అత్త దాన్ని ముట్టుకుని, ముద్ర ఉన్నచోట వేలుతో తడిమి నాకిచ్చింది. "చదువు మ్మే. నేను చెప్పింది మాత్రం నిదానంగా చదువు" అంది.

నేను లోపల చదువుకున్నాను. రెండోసారి చదువుకున్నాను. అందులో ఆమె చెప్పింది ఒక్క మాట లేదు. ఇరుపక్షాలూ పెద్దల సమక్షంలో రాజీ పడ్డారు, మైనరు బాలిక తండ్రి దగ్గర ఉండటానికి ప్రతివాదికి ఎలాంటి అభ్యంతరమూ లేదు, ఈ షరతులను ప్రతివాదికి తెలుగులో చదివి వినిపించగా నిజమని ఒప్పుకుని సంతకం చేసింది, ఆ సమయంలో ఆమె అన్న ఆమె పక్కనే ఉన్నాడు. ఇంతే. ఆ అన్న పేరు కూడా ఉంది. ఆ పేరు మా నాన్నది.

అబద్ధం చదువుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పక్కన సాయిబు ఉన్నాడు, కాగితం చివరికి చేరవలసింది ఇంగ్లీషు వచ్చిన పిల్ల చేతికి. ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాను. నాన్న పేరు దగ్గర నేను ఆగితే, ఆమే నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎవురు చదివి వినిపించినారు? ఎప్పుడు?" అంది. "ఆ పొద్దు ఈడనే, ఇదే వరండాలో, మా యన్న ఒక కాగితం చూపించి, సంతకం పెట్టు, కేసు బిరీన తెగుతాది, పాప పెద్దదైతే దానంతట అదే నీ కాడికి వస్తాది అన్యాడు. పెట్టినా. అన్న గదా."

బిడ్డ చంకలో ఉంటే మళ్లీ పెళ్లి కాదని నాన్న అనుకున్నాడు. ఆయన దుర్మార్గుడని నేననను. చెల్లెలికి మంచి చేస్తున్నాననే అనుకుని ఉంటాడు. అదే నాకు ఇంకా మండుతుంది. దుర్మార్గం చేసినవాడితో పోట్లాడవచ్చు, మంచి చేశాననుకున్నవాడితో ఏం పోట్లాడతాం?

"సరే, ఇది తీర్పు" అంది అత్త సాయిబు వైపు తిరిగి. "దీనికి ముందర ఒక దినం నేను బోనులో నిలబడి చెప్పినా గదా. ఆ కాగితం యాడ? అది తీసియ్యి. నా బిడ్డకు నేను చూపియ్యాల్సింది అది."

సాయిబు లోపలికి పోయి, చాలాసేపటికి బయటికొచ్చాడు. వెంట రికార్డు రూములో పనిచేసే ఆయన కూడా వచ్చాడు. ఆయనే చెప్పాడు. కేసు ముగిసి ఇన్నేళ్లయ్యాక తీర్పు లాంటివి ఉంచుతారు, వాంగ్మూలాల లాంటివి గడువు దాటితే రూలు ప్రకారం తీసేస్తారు. ఈ ఫైలులో అవి తీసేసి చాలా ఏళ్లయింది.

"తీసేసినారంటే?"

"చించేస్తారమ్మా. స్థలం చాలదు గదా."

అత్త ఆయన్ని తేరిపార చూసింది. "తీర్పు దాచిపెట్టుకుని, చెప్పిన మాటలు పారేస్తిరా నాయనా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది. ఆయన సాయిబును చూశాడు. సాయిబు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఓడినోడు కోర్టులో ఏడిస్తే, గెలిచినోడు ఇంటికి పోయి ఏడ్చినాడంట బేటా. నువ్వు ఏడిస్తే కొంచెం బరువు దిగుతాది" అన్నాడు. ఆమె ఏడవలేదు.

బస్సు ఎక్కి, ఆత్మకూరు రోడ్డు దాటాక, అత్త ఉన్నట్టుండి అంది. "నీ కాడ కాగితం ఉందా? రాసుకో. ఆ పొద్దు నేను జడ్జికి చెప్పింది చెప్తా."

పిల్లల పరీక్ష పేపర్ల కట్టలోంచి ఒక తెల్లకాగితం తీశాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర్లు పోయాయి. ఆమె కళ్లు మూసుకుని ఒక్కో మాటా చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. అన్నేసి ఏళ్లు లోపల ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటుందో! ఆమె చెప్పింది ఇదే:

'అయ్యా, నాకు ఆయన వద్దంటే వద్దు గానీ నా బిడ్డ నాకు కావాల. దానికి మూడేండ్లు. నా చెవి పట్టుకుంటేనే నిద్రపోతాది. వాళ్లింట్లో దానికి ఎవురు చెవి ఇస్తారు? నాకు ఇల్లు లేదంటాండారు. మా యన్న ఇల్లు ఉండాది. నేను కూలికి పోతా, బండలు మోస్తా, దాన్ని చదివిస్తా. నాకు ఇంగేమీ వద్దు. పాపను మాత్రం నాకియ్యండి.'

మళ్లీ వారం ఆమె ఆ కాగితం పట్టుకుని నన్ను కోర్టుకు తీసుకుపోయింది. దాని మీద ముద్ర వేయమని రికార్డు రూము ఆయన్ని అడిగింది. "ఇవి నేను చెప్పిన మాటలే. మీ కాడ పోయినాయి గదా, ఇవి పెట్టుకోండి. పెట్టుకొని ఒక నకలు నాకియ్యండి" అంది. పోయిన కాగితానికి బదులు ఇంకొకటి ఇస్తే లెక్క సరిపోతుందని ఆమె నమ్మకం. బండ పగిలితే ఇంకో బండ వేస్తారు కదా. ఆయన చేతులు జోడించాడు. "నేను వేయలేనమ్మా, నా ఉద్యోగం పోతాది" అన్నాడు. అది నిజమే. తిరిగొచ్చేటప్పుడు అత్త మెట్లు దిగలేక మధ్యలో రెండుసార్లు కూర్చుంది.

నాన్నను ఆమె ఒక్క మాట అడగలేదు. నేను అడుగుతానంటే వద్దంది. "మీ నాయన పేరు ఎవురికీ చదవాకు. ముసలితనంలో ఆయప్ప తల యాడ పెట్టుకుంటాడు?" అంది. నేను మాట ఇచ్చాను. ఇప్పుడు ఇది రాస్తూ ఆ మాట తప్పుతున్నాను. క్షమించు అత్తా. నీ పేరు మీద తప్పు రాసిన కాగితానికి ముద్ర ఉంది. నీ మాటలకు నా చేతిరాత తప్ప ఏదీ లేదు. ఊరుకోలేకపోయాను.

ఎర్రగుంట్లకు రెండోసారి పోనేలేదు ఆమె. ఏం తీసుకుని పోతుంది? ఆ రెండు కాగితాలూ కలిపి ఒక కవరులో పెట్టి దిండు కింద ఉంచుకుంది. నేను ఆదివారాలు బేతంచెర్ల పోతే తీయించి బస్సులో రాసిన దాన్ని చదివించుకునేది. తీర్పు ఎప్పుడూ చదవమనలేదు. బతుకు మీద ఆశ వదులుకున్న మనిషి వంట మానేస్తుందంటారు. మా అత్త అలా కాదు, రోజూ వండుకుంది. ఒక మనిషికి కాస్త ఎక్కువే వండేది. ఎవరికని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆమెను ఊరికి తెచ్చి మట్టి చేశాం. కబురు పంపితే ఆ పిల్ల మూడో రోజు వచ్చింది. భర్త, బిడ్డ లేకుండా ఒక్కతే వచ్చింది. వాకిట్లో షామియానా కింద కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. ఏడవడానికి ఆమె దగ్గర జ్ఞాపకం ఉండాలి కదా. కాసేపటికి నన్ను పిలిచి, "కాగితం దొరికిందా వదినా?" అని అడిగింది.

ఆ కవరు ఇచ్చాను. ముందు తీర్పు చదివింది. వేలుతో ఒక్కో వరసా పట్టుకుంటూ చదివింది. తర్వాత బస్సులో రాసినది చదివింది. దాన్ని చాలాసేపు చదివింది. చెవి దగ్గర ఆగిందో, ఇంకెక్కడ ఆగిందో నాకు తెలియదు. నేను జరిగిందంతా చెప్పాను. సంతకం ఎలా పెట్టించారో చెప్పాను. ఎవరు పెట్టించారో చెప్పలేదు. చెప్పవలసిన పనే లేదు, పేరు ఆ కాగితంలోనే ఉంది. ఆమె లేచి నాలుగు కుర్చీల అవతల ఉన్న మా నాన్న ముందుకు పోయి నిలబడింది.

"మామా, నువ్వు ఆ పొద్దు పక్కనే ఉంటివంట గదా. మా యమ్మ నన్ను వద్దన్యాదా, కావాలన్యాదా? నువ్వు చెప్పు, నేను నమ్ముతా."

బతికున్న సాక్షి ఆయనొక్కడే. ఏ ముద్రా అవసరం లేదు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట కోసం మా అత్త రెండేళ్లు మెట్లెక్కింది, దిగింది.

నాన్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. వాకిట్లో ఉన్న మా చిన్నాన్నలను, ఊరి పెద్దలను ఒకసారి చూశాడు.

"కోర్టు కాగితంలో ఏముంటే అదేలేమ్మా నిజం" అన్నాడు.

ఆ పిల్ల తలూపింది. తీర్పు మడిచి బ్యాగులో పెట్టుకుంది. రెండో కాగితం నా చేతికి తిరిగిచ్చింది. "ఇది మీ చేతిరాత గదా వదినా" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

సాయంత్రానికి షామియానా వాళ్లు వచ్చారు. గుడ్డ విప్పారు, గుంజలు పీకారు, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి బండికెత్తారు. నాన్న మాత్రం తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఆయన లేస్తే అదొకటి కూడా తీసుకుందామని వాళ్లలో ఒకాయన పక్కన నిలబడి చాలాసేపు ఎదురుచూశాడు. నాన్న లేవలేదు. నేనూ లేపలేదు.